ఒక చందమామ, రెండు ఆకాశాలు

పోయిన కార్తీక పౌర్ణమికి ఇంట్లో అందరం హోసూరు చంద్రచూడేశ్వర స్వామి కొండ ఎక్కినాము. అమ్మ ఫోను నా చేతిలోనే ఉండింది. దర్శనం అయినాక 43 ఫోటోలు తీసినాను. మోకాళ్ల నొప్పులతో మా అవ్వ రాలేకపోయింది. ఇంటికి రాగానే, "చందమామ యాడ నుంచి లేసినాడే పాపా? ఎట్ల ఉన్నాడు?" అని అడిగింది. ఫోను తెరిచి చూపించినాను. ప్రతి ఫోటోలో ఒక తెల్ల చుక్క, చుట్టూ నలుపు. "ఇది వీధి లైటు కదే" అనింది అవ్వ. సరే, నోటితో చెబుదామనుకొన్నాను. చెప్పడానికి ఏమీ తోచలేదు. స్వామి పేరులోనే చంద్రుడున్న కొండ ఎక్కి, నేను చూసింది ఫోను తెరను మాత్రమే.

ఆ సిగ్గు ఇంకా పోకముందే మా సైన్సు సారు బడి కంప్యూటరులో ఒక నలుపు తెలుపు ఫోటో చూపించినారు. అది అమెరికా ఫోటోగ్రాఫరు ఆన్సెల్ ఆడమ్స్ న్యూ మెక్సికో రాష్ట్రంలో తీసిన 'మూన్‌రైజ్, హెర్నాండెజ్'.

ఆ ఫోటోలో కింద ఒక చిన్న పల్లె ఉంది. మట్టి ఇళ్లు, ఒక చర్చి, సమాధుల మీద తెల్లని శిలువలు. వెనుక మంచు కొండలు, వాటి మీద సన్నని మేఘాల బారు. ఆ పైన సగానికి పైగా ఖాళీ ఆకాశమే. అందులో చిన్న చందమామ. నేనైతే జూమ్ చేసి చందమామను పెద్దగా చూపించేదాన్ని. ఆయన చిన్నగానే వదిలేసినారు. అందువల్లనే ఆకాశం ఎంత పెద్దదో, కింద పల్లె ఎంత చిన్నదో మనకు తెలుస్తుంది. శిలువల మీద ఉన్నది మునిగే పొద్దు వెలుగు. పైన ఉన్నది లేచే చంద్రుడు. ఆ రెండూ కలిసి ఉండేది కొద్ది నిమిషాలే.

ఆ రోజు ఆడమ్స్‌కు మంచి ఫోటో ఒకటీ కుదరలేదు. కారులో తిరిగి వస్తూ ఈ పల్లెను చూసి గబగబా ఆపినారు. వెలుగు కొలిచే మీటరు వెదికితే దొరకలేదు. కానీ చంద్రుని వెలుగు ఎంతో ఆయనకు అంకెతో సహా జ్ఞాపకం ఉంది. దాన్ని బట్టి లెక్క కట్టి ఒక ఫోటో తీసినారు. రెండోది తీసేలోపే శిలువల మీద ఎండ పోయింది. నా ఫోటోలు ఎందుకు చెడినాయో కూడా ఇక్కడే అర్థమైంది. చంద్రుని మీద ఎండ ఉంటుంది, మన నేల మీద చీకటి ఉంటుంది. ఫోను ఆ చీకటిని చూసి వెలుగు పెంచేస్తుంది. అప్పుడు చంద్రుడు తెల్ల చుక్క అయిపోతాడు.

తర్వాత సారు అదే ఫోటో పాత ప్రతిని కూడా చూపించినారు. దాంట్లో ఆకాశం బూడిద రంగులో ఉంది, పలుచని మేఘాలు కనపడతాయి. ఆడమ్స్ ఈ ఫోటోను ఎన్నో ఏండ్లు మళ్లీ మళ్లీ ముద్రిస్తూ ఆకాశాన్ని నల్లగా చేసుకొంటూ వచ్చినారు. నా స్నేహితురాలు వెంటనే, "మనం ఫిల్టరు వేస్తే మోసమా, ఆయన చేస్తే కళనా?" అనింది. మంచి ప్రశ్నే. నా జవాబు ఇది. మేము ముందు నొక్కి, తర్వాత ఏ ఫిల్టరు బాగుందో వెదుకుతాము. ఫోటో తీయక ముందే అది ఎట్లా ఉండాలో మనసులో చూసుకోవాలని ఆయన చెప్పేవారు. చూసినవాడు మార్చడం వేరు, చూడనివాడు మార్చడం వేరు.

అయినా నాకు పాత ప్రతే నచ్చింది. ఈ ఫోటో ఎప్పుడు తీసినారో ఆడమ్స్ మరిచిపోయి వేరు వేరు సంవత్సరాలు చెప్పినారు. చంద్రుడున్న చోటును బట్టి ఖగోళ శాస్త్రం తెలిసినవాళ్లు లెక్క కట్టి, 1941 నవంబరు 1, సాయంత్రం 4 గంటల 49 నిమిషాలని తేల్చినారు. అంటే అది రాత్రి కాదు, పొద్దు మునిగే వేళ. నల్లని ఆకాశంలో ఆయన పనితనం కనపడుతుంది. బూడిద ఆకాశంలో ఆ సాయంత్రం కనపడుతుంది. సారు మాత్రం ఒప్పుకోలేదు. నలుపు వల్లనే ఆ నిశ్శబ్దం వచ్చింది అంటారు.

మరుసటి పౌర్ణమికి నాయనతో పొద్దు మునగక ముందే కొండ ఎక్కినాను. ఫోను సంచిలోనే పెట్టి కూర్చొన్నాను. చంద్రుడు లేచి, నేల మీద ఇంకా కొంచెం వెలుగు ఉన్నప్పుడు ఒక్కటే ఫోటో తీసినాను. అదీ అంత గొప్పగా రాలేదు. ఇంట్లో అవ్వ మళ్లీ అడిగింది. "సరిగ్గా తూర్పున కాదవ్వా, కొంచెం ఉత్తరానికి జరిగి లేసినాడు. మొదట బెల్లం రంగులో ఉన్నాడు. పైకి వచ్చేకొద్దీ తెల్లబడినాడు" అని చెప్పినాను. అవ్వ కండ్లు మూసుకొని అంతా వినింది.

"ఇప్పుడు చూపియ్యి నీ ఫోటో" అనింది.