నాయన చేయి దించినాడు

కొడుకు నోటితో తల్లి కత చెప్పించడం మా వేంపల్లెకు తెలిసిన విద్యే. వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’ కతలో అమ్మ గురించి చెప్పేది కొడుకే. శుక్రవారం నమాజుకు పొమ్మని వెంటబడే ఆ అమ్మ, 2007 మేలో హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలినాక పోవద్దంటుంది. ఆమె భయం కొడుక్కు అర్థమైంది కాబట్టి మనకూ అర్థమైంది. అదే పేరుతో వచ్చిన కతల పుస్తకానికి 2012లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది.

మరి ముఖం చూసి మనసు పట్టుకోవడం కష్టమయ్యే పిల్లోడు కత చెప్తే?

మార్క్ హాడన్ 2003లో ఇంగ్లండులో అట్లాంటి నవల రాసినాడు: ‘ద క్యూరియస్ ఇన్సిడెంట్ ఆఫ్ ద డాగ్ ఇన్ ద నైట్-టైమ్’. చెప్పేది పదిహేనేళ్ల క్రిస్టఫర్. ఆటిజం అన్న మాట అతని నోట రానేరాదు. తల్లి చనిపోయిందని తండ్రి అబద్ధం చెప్పి, ఆమె లండన్ నుంచి రాసిన ఉత్తరాలు దాచిపెడతాడు. పొరుగింటి కుక్కను చంపిందీ ఆయనే. అది తెలిసి, కుక్కను చంపినోడు నన్నూ చంపుతాడని లెక్కగట్టి పిల్లోడు ఇల్లు వదిలిపోతాడు. ఆ లెక్కను తప్పుపట్టలేం. అయినా ఆ తండ్రిని అసహ్యించుకోలేం. కౌగిలింతలు తనకు పడవని, అందుకే నాయన చేతివేళ్లు విప్పి తన వేళ్ల కొసలకు ఆనిస్తాడని పిల్లోడే అంతకుముందు చెప్పి ఉంటాడు. తల్లి గోడు ఆమె ఉత్తరాల్లో ఉన్నదున్నట్టు చదువుతాం. తండ్రి తరఫున మాత్రం పిల్లోడి చెవిన పడిన మాటలే సాక్ష్యం. నాకు ఆయన మీదే జాలి ఎక్కువ.

నేనూ ఒక కత రాస్తున్నా. బస్టాండు కాడ చెనిక్కాయలు అమ్మే నాయన, ఆటిజం ఉన్న కొడుకు. ఒకచోట పిల్లోడు అంటాడు: “అమ్మ మిక్సీ ఏసింది. నేను అరిచినా. నాయన చేయి ఎత్తినాడు. చేతికి చెనిక్కాయ పొట్టు అంటుకోనుంది. చేయి దించినాడు. పోయి ప్లగ్గు పీకినాడు. ఆ పొద్దు చట్నీ లేకుండానే దోసెలు తిన్యాం.” నాయన కుమిలిపోయినాడని నేను ఒక్క ముక్క కలిపినా పాఠకుడికి చేసుకోవడానికి పనేమీ మిగలదు.

అంగడి ముందర పిల్లోడు చెవులు మూసుకోని అరిస్తే మన వీధుల్లో ముందు మాట పడేది తల్లికే. రెండు తగిలిస్తే దారికొస్తాడంటారు, తాయెత్తు కట్టించమంటారు. అమెరికాలో బ్రూనో బెటల్‌హైమ్ అనే మనస్తత్వవేత్త 1967లో పుస్తకమే రాసి తల్లుల మీద నింద మోపినాడు. పెంపకం వల్ల ఆటిజం రాదని శాస్త్రం తర్వాత తేల్చింది. వీధి తీర్పు ఇంకా మారలేదు. ఆ తీర్పు ఎరగని పిల్లోడు చెప్తే, కత చదివినంతసేపన్నా మనమూ దాన్ని పక్కన పెడతాం.

అట్లని అమ్మానాయనల ఓర్పును చూపించే అద్దంగా పిల్లోడిని వాడుకుంటే అది ఇంకో అన్యాయం. హాడన్ నవల చదివి, ఇది మా బతుకు కాదన్న ఆటిజం పాఠకులూ ఉన్నారు. వాళ్ల మాట రాసేవాళ్లు వినాల్సిందే. అందుకే మా పిల్లోడికి సొంత పని పెట్టినా. పులివెందుల బస్సుల నంబర్లు రాసుకుంటాడు. ఒక పొద్దు రావాల్సిన బస్సు రాదు. ఎందుకు రాలేదో డిపోకు పోయి అడగాలని పట్టుబడతాడు. నాయన బేరం వదులుకోని వెంట పోతాడా, కసిరి కూర్చోబెడతాడా అన్నది ఇంకా రాయలేదు. ఏదైనా, పిల్లోడికి ముందు ఆ బస్సు సంగతి తేలాల.