కల్పిత భాషల్లో సంఖ్యావాచకాలు – కళ్లం లెక్క: ఒక పరిశీలన

కల్పిత భాష పటుత్వాన్ని పరీక్షించడానికి వ్యాకరణ సూత్రాల కంటే సంఖ్యావాచకాలే మంచి గీటురాయి. సూత్రాన్ని ఒక్క వ్యక్తి నిర్మించగలడు. లెక్కపెట్టే అలవాటు మాత్రం జనజీవితంలోంచే రావాలి.

'అవతార్' (2009) చిత్రం కోసం పాల్ ఫ్రోమర్ రూపొందించిన నావీ భాషలో ఈ స్పృహ ఉంది. నావీలకు చేతికి నాలుగే వేళ్లు. అందువల్ల వారి లెక్కకు ఎనిమిది ఆధారం. ఎనిమిది 'వోల్', తొమ్మిది 'వొలవ్', అంటే ఎనిమిదీ ఒకటీ. ఇది ద్రావిడ భాషాధ్యయనానికి పరాయి విషయం కాదు. మూలద్రావిడంలో ఎనిమిదికీ, లెక్కించడానికీ '*ఎణ్' అనే ఒకే రూపాన్ని పునర్నిర్మించారు. తెలుగు 'ఎనిమిది', 'ఎన్ను' శబ్దాల్లో దాని జాడ ఉంది. ఒకప్పుడు ఇక్కడి లెక్కకూ ఎనిమిదే ఆధారమన్న ఊహ దీనినుంచే పుట్టింది. అది ఊహే తప్ప నిర్ధారణ కాదు.

అయితే లెక్కను నిర్ణయించేది శరీరం ఒక్కటే కాదు. ఉదయగిరి మెట్టకూ ఆత్మకూరు మాగాణికీ ఉమ్మడి వారసత్వమైన తెలుగు కళ్లం లెక్కను గమనిస్తే ఇది తెలుస్తుంది. ధాన్యం కొలిచేవారు మొదటి కొలతను 'ఒకటి' అనక 'లాభం' అంటారు. 'ఏడు'లో ఏడుపు వినిపిస్తుంది గనుక 'ఆరున్నొక్కటి' అంటారు. 'వొలవ్', 'ఆరున్నొక్కటి' నిర్మాణంలో ఒకే తీరువి. మొదటిదానికి కారణం గణితం, రెండోదానికి భయం. ఇక 'లాభం' సంఖ్యే కాదు, ఆశ. నావీ సంఖ్యల్లో లోపించింది ఈ పొరే. అక్కడ వేళ్లున్నాయి, పంట చేతికొస్తుందో రాదోనన్న బెంగ లేదు.

'బాహుబలి: ది బిగినింగ్' (2015)లో కాలకేయుల కోసం మదన్ కార్కి కల్పించిన కిలికికీ ఇదే పరిమితి. 'మిన్' అంటే నేను, 'నిమ్' అంటే నువ్వు. ధ్వనులను తిరగవేసి అర్థాన్ని తిప్పిన ఈ ప్రక్రియ చమత్కారమైనదే. కానీ కాలకేయులు ప్రేక్షకుడికి కనిపించేది యుద్ధ సందర్భంలోనే. వారి సంతను గానీ కళ్లాన్ని గానీ కథ చూపలేదు. యుద్ధానికి కేకలు చాలు, లెక్కకు బేరం కావాలి. ఈ లోపం భాషాకర్తది కాదు, కథ ఇచ్చిన అవకాశానిది.

కల్పిత భాషకు లేని ఈ సంపద మనకుంది. అయితే అది నిలిచి ఉంటుందన్న భరోసా లేదు. నెల్లూరు జిల్లాలో ధాన్యం ధర నేటికీ పుట్టి లెక్కన పలుకుతుంది. పుట్టి అంటే ఇరవై తూములు అన్న లెక్క మరుగునపడి, 850 కిలోలు అన్న అర్థం స్థిరపడింది. కుంచం పోయి కాటా వచ్చాక 'లాభం' పలికే సందర్భమే తగ్గింది. సినిమా భాషకు పదకోశం ఉన్న కాలంలో కళ్లం లెక్కను ఊరూరా నమోదు చేయడం తెలుగు శాఖల తక్షణ కర్తవ్యం.