బస్తర్‌లో ఇంటిపేర్ల జాడ

బస్తర్‌లో ఒక ఇంటిపేరు ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవడానికి ఆధారాలు మూడు: గుళ్లలోని రాతి శాసనాలు, సర్కారు దఫ్తరాల్లోని కాగితాలు, పెద్దల నోట నిలిచిన వంశకథలు. శాసనం రాజుల సంగతి చెబుతుంది, కాగితం రైతు సంగతి చెబుతుంది, గోత్రాల గుట్టు మాత్రం నోటిమాటలోనే ఉంటుంది. ఈ మూడింటినీ ఒకదానితో ఒకటి సరిచూడగలిగినవాడే ఈ విద్యలో నేర్పరి.

శాసనాల విషయంలో ముందుగా తలవాల్సిన పేరు రాయబహదూర్ హీరాలాల్ (1867–1934). బస్తర్ శిలలను చదివి, ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించిన మహానుభావుడు ఆయన. కాకతీయుల వారసులకు ముందు బస్తర్‌ను ఏలిన ఛిందక నాగుల శాసనాల్లో కాశ్యప గోత్రం, భోగవతీపుర ప్రభువులమనే బిరుదు, పులి లాంఛనం కనిపిస్తాయి. కర్ణాటకలోని సిందులూ తమను నాగవంశీయులమనే చెప్పుకున్నారు. వారికీ భోగవతి బిరుదుంది, పులి లాంఛనముంది. ఛిందక, సింద అనే పేర్ల పోలిక ఒక్కటే అయితే అది ఊహ. బిరుదూ లాంఛనమూ కలిస్తే అది సాక్ష్యం. ఈ విద్యలో తొలి పాఠం ఇదే. నారాయణపాల్‌లో గుండ మహాదేవి వేయించిన 1111 నాటి శాసనం రాణి భర్తనూ కొడుకునూ మనుమణ్నీ ఒకేచోట పేర్కొని మూడు తరాలను ముడివేస్తుంది. బార్సూర్‌లో 1060 నాటి తెలుగు శాసనం ఉంది. అందులోని చంద్రాదిత్యుడు కరికాల చోళుడి వంశంవాడినని చెప్పుకున్నాడు. తెలుగు చోడుల పేరు ఇంద్రావతి ఒడ్డుదాకా పాకిందనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

అన్నిటిలోకీ ఘనమైనవి దంతేవాడ దంతేశ్వరి గుడిలోని జంట శాసనాలు. 1703లో బస్తర్ రాజు దిక్పాలదేవుడు వేయించినవి. మొదటిది సంస్కృతం. కలియుగంలో సంస్కృతం చదవగలిగేవారు తగ్గిపోతారు కనుక అదే సంగతిని దేశభాషలో కూడా చెక్కించామని రెండో రాయి స్వయంగా చెబుతుంది. మూడు వందల ఏళ్ల తర్వాతి పాఠకుడి మీద అంత దయ చూపిన శాసనకర్తలు అరుదు. ఓరుగల్లు ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమరాజు బస్తర్‌కు వచ్చాడని, ఆయన సంతతే తామని ఈ శాసనం వరుసగా పేర్లు చెబుతుంది.

నేర్పరి ఇక్కడితో తృప్తిపడడు. ప్రతాపరుద్రుడు పట్టుబడింది 1323లో. శాసనం దానికి 380 ఏళ్ల తర్వాతిది. దంతేవాడ రాయి పాండవులనూ చంద్రవంశాన్నీ తలుస్తుంది. ఓరుగల్లు కాకతీయుల శాసనాల్లో దుర్జయుడి పేరే ఎక్కువ, కొన్నిచోట్ల సూర్యవంశం కనిపిస్తుంది. అందుకే పురాణ భాగాన్ని పక్కనపెట్టి మనుషుల వరుసను మాత్రమే తూచాలి. ఓరుగల్లు వైపు ఆ పని చేసి చూపినవారు పి.వి. పరబ్రహ్మశాస్త్రి. మంగల్లు దానశాసనంలోని కాకర్త్య గుండ్యనను, మైలాంబ బయ్యారం చెరువు శాసనంలోని పూర్వీకుల వరుసతో సరిచూసి, తొలి కాకతీయుల వంశవృక్షానికి వేళ్లు దొరకబుచ్చుకున్నారు. అంత ఓపిక, అంత నిగ్రహం నేటి వంశచరిత్రకారుల్లో వెతికినా దొరకవు.

పేరు ఎంత తేలిగ్గా మారుతుందో చూడాలన్నా ఈ బస్తర్ రాజవంశమే ఉదాహరణ. 1921లో రుద్రప్రతాపదేవ్ మరణించాక కూతురు ప్రఫుల్లకుమారి గద్దెనెక్కింది. ఆమె మయూర్‌భంజ్ వంశీయుణ్ని పెళ్లాడింది. ఆమె కొడుకు, 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజభవనంలో పోలీసు కాల్పుల్లో మరణించిన ప్రవీర్‌చంద్ర, భంజ్ దేవ్ అయ్యాడు. ఒక్క పెళ్లితో ఒడిశా పేరు బస్తర్ గద్దె మీద కూర్చుంది. పేరునే పట్టుకుని వెనక్కి వెళ్లేవాడు ఓరుగల్లుకు బదులు మయూర్‌భంజ్ చేరతాడు.

సామాన్యుడి జాడకు మిసల్ బందోబస్తు (భూమి సెటిల్మెంట్) రికార్డులు, ఊరి కావలిదారులైన కోత్వార్ల జనన మరణ పుస్తకాలు, బడిలోని దాఖిల్ ఖారిజ్ రిజిస్టర్లు ఆధారం. వీటిలో చాలాచోట్ల పేరు, తండ్రి పేరు, కులం, ఊరు మాత్రమే ఉంటాయి. ఇంటిపేరు ఉన్నా గుమాస్తా చెవికి వినిపించినట్టు ఉంటుంది. బస్తర్‌లో కవాసి, గోదావరి వైపు కొవ్వాసి; బస్తర్‌లో కుంజాం, గోదావరి వైపు కుంజా. తాబేలు గోత్రంవారు కశ్యప్, పులి గోత్రంవారు బఘేల్, పాము గోత్రంవారు నాగ్ అని రాయించుకున్నదీ ఈ రిజిస్టర్లలోనే.

రాత తడబడినచోట నోటిమాట ఆదుకుంటుంది. కోయల్లో మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అంటూ గోత్రాల విభజన ఉంది. ఒకే గట్టులో పెళ్లి కుదరదు. కాబట్టి రెండు ఇళ్లు ఒకే పేరు రాసుకున్నా పిల్లనిచ్చి పుచ్చుకుంటుంటే ఆ రెండూ ఒకటి కావు. పేర్లు వేరైనా అన్నదమ్ముల వరసే నడుస్తుంటే మూలం ఒకటేనేమో చూడాలి. ఏ వేల్పును కొలుస్తారన్నది ఆ తర్వాతి ప్రశ్న. వేల్పుల కొలుపులో త్రికోణపు పడిగె విప్పి, బొమ్మ వెంట బొమ్మ చూపుతూ గట్టు కథను డోలీలనే కోయ గాయకులు పాడతారు. మణుగూరు దగ్గరి కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య కోయలోనూ తెలుగులోనూ వీరగాథలు, వంశకథలు ఏకధాటిగా పాడేవారు. ఏ పుస్తకమూ లేకుండా అన్ని తరాల పేర్లను కంఠాన మోసిన ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఏ పండితుడి పీఠానికీ తీసిపోని పీఠం అది.

ఇప్పుడు నడుస్తున్నది వేరే వ్యాపారం. డబ్బు తీసుకుని గోత్రమూ ఋషీ కోటా కలిపి వంశవృక్షం అచ్చువేసి ఇస్తున్నారు. బఘేల్ అనగానే రేవా రాజపుత్రుల్లో కలిపేయడం, కశ్యప్ అనగానే ఋషికి మనుమణ్ని చేయడం! పులినీ తాబేలునీ పోగొట్టుకుని ఆ కుటుంబం సంపాదించుకున్నదేమిటి? ఒక అబద్ధం, దానికో చట్రం. ఓరుగల్లు పేరును రాజకీయ సభల్లో వాడుకునేవారు కూడా దంతేవాడ రాయిని చదివి మాట్లాడితే బాగుండును.

నష్టం గౌరవంతో ఆగడం లేదు. షెడ్యూల్డు తెగల రాష్ట్రపతి ఉత్తర్వు 1950 సెప్టెంబరు 6 నాటిది. కుల ధ్రువపత్రానికి అంతకుముందు నాటి పూర్వీకుల కాగితం అడుగుతారు. 2005 తర్వాత బస్తర్‌లో మావోయిస్టు వ్యతిరేక దండు సల్వాజుడుం హింసకు ఊళ్లు విడిచి గోదావరి లోయకు వచ్చినవారి దగ్గర ఆ కాగితం ఉండదు. పేరులో ఒక అక్షరం తేడా వస్తే బడిపిల్లవాడి హక్కే పోతుంది. అందుకే మిసల్ కట్టలు చెదలపాలు కాకముందే నకళ్లు తీయించాలి. ఇంటిపేరు పక్కన గట్టూ వేల్పూ కూడా నమోదు చేయాలి. డోలీల పాటలను వారి పేరు మీదే, వారికి తగిన ప్రతిఫలమిచ్చి రికార్డు చేయాలి. ఒడిశా, తెలంగాణ, ఆంధ్ర, ఛత్తీస్‌గఢ్ రికార్డులను కలిపి వెతికే వీలు కల్పించడం ప్రభుత్వాల బాధ్యత. కాదంటే ఈ పేర్లకు దిక్కు అచ్చు గోత్రాల వ్యాపారులే.