కరపత్రము వెనుక పుట

మా పెద్దల కాలమున డిగ్రీ పట్టా యన్నచో ఉస్మానియా పట్టాయే. 2007లో నల్లగొండయందు మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయమును, మరుసటి యేట పాలమూరున మరొకటియు వెలసి, 2016 నుండి డిగ్రీ ప్రవేశములకు ‘దోస్త్’ అను ఆన్‌లైన్ పద్ధతి వచ్చి, ఏ కళాశాలలో ఏ కోర్సు కావలెనో పిల్లలే మీసేవలో కూర్చుండి ఆప్షన్లు పెట్టుకొను దినములు రాగా, విద్యాసంస్థలకు తమ్మును గూర్చి తామే చెప్పుకొనవలసిన అగత్యము కలిగినది. విద్యార్థిదశలో నేనొక విశ్వవిద్యాలయమున (పైవానిలో నొకటి కాదు, పేరుతో పనిలేదు) మార్కెటింగ్ ఇంటర్న్‌గా చేసినది ఈ పనియే.

ఇంటర్ ఫలితములు వెలువడు దినములును, యాసంగి వడ్లు కాంటాకెక్కు దినములును ఇంచుమించు ఒక్కటే యగుటచే, సాగర్ ఎడమ కాలువ నీట వరి పండించు హుజూర్‌నగర్ ప్రాంతమున తల్లిదండ్రులు ఇండ్లలో దొరకరు. కొనుగోలు కేంద్రములలో, వడ్ల కుప్పలకడ, మబ్బు పట్టునేమోయని ఆకాశము వంక చూచుచు దొరకుదురు. అచట నొక పెద్దాయన, మేము మిక్కిలి శ్రమించి రంగులలో అచ్చువేయించిన కరపత్రమును అటునిటు త్రిప్పి, “ఇటు దిక్కు తెల్లగున్నది, మంచిదే” యని నాయొద్ద పెన్ను పుచ్చుకొని, వెనుక పుటపై బస్తాల లెక్క వేసికొనెను. లెక్క తేలిన పిమ్మట తలయెత్తి, “పొద్దుగాల బస్సు ఎన్నింటికున్నది బిడ్డా? మా మనుమరాలు మాపటికి ఇల్లు జేరుతదా?” యని యడిగెను. ముందరి పుటలో దానికి సమాధానము లేదు. వికాసము, ఉజ్జ్వల భవిత మొదలగు మాటలు మాత్రము నిండుగా నుండెను.

ఇన్‌స్టాగ్రామ్‌లో రీళ్లు పెట్టుమని మాకు బోధించిరి. పెట్టితిమి, పిల్లలు చూచిరి. కాని రిజిస్ట్రేషన్‌కు కావలసిన ఓటీపీ వచ్చు సిమ్ము, ఆధార్‌తో ముడివడి, చాలయిండ్లలో తండ్రి జేబులో నుండును. ఆయన యడుగునది బస్సు, హాస్టల్, ఫీజు. ఈ మర్మము గ్రహింపని ప్రచారము వృథా యని నా దృఢాభిప్రాయము.

తరువాతి విడత కరపత్రము వెనుక బస్సుల వేళలును, కులము, ఆదాయము, టీసీ, బోనఫైడ్ మొదలుగాగల పత్రముల జాబితాయు చేర్చుటకు పైయధికారి సమ్మతించెను. “ఫీజు సర్కారే కడ్తదా, ముందుగాల మేం కట్టాల్నా?” యని ఒక తల్లి యడిగిన ప్రశ్నకు, రీయింబర్స్‌మెంట్ సొమ్ము ఆలస్యమగుట కలదని, కొన్నిచోట్ల ముందుగా కట్టుమందురని నేను వ్రాసిన వాక్యమును మాత్రము కొట్టివేసెను. అచ్చులో లేని యా మాటను కుప్పలకడ నోటితో చెప్పుచు వచ్చితిని. విన్నవారిలో కొందరు పిల్లలను కోదాడలోనో, హుజూర్‌నగర్‌లోనో దగ్గరి కళాశాలలకే పంపిరి. నేను సమర్పింపవలసిన నివేదికలో అట్టివారిని వ్రాయుటకు గడి లేకుండెను.