ఓ రెండు మూడు రోజులు

మణికొండలో లాంకో హిల్స్‌కు వెళ్లే దారిలో ఉంటాం. సాయంత్రాలు మా ఇంట్లోనే ఐటీ పిల్లలకు ఇంగ్లిష్ మాట్లాడటం నేర్పుతాను. మొన్న ఓ అబ్బాయి క్లయింట్ కాల్ సంగతి చెప్పాడు. బగ్ ఎప్పటికి సరిచేస్తావని అవతలివాళ్లు అడిగారట. మనసులో వాక్యం కూర్చుకుంటూ ఊరుకుండిపోయాడు. "ఆర్ యు దేర్?" అన్నారు. కంగారులో "మంగళవారం సాయంత్రం 5 గంటలకు" అనేశాడు. శుక్రవారానికి గానీ పని తెమల్లేదు. మాట తప్పినవాడయ్యాడు.

"అదే మీ అమ్మ అడిగితే ఏమనేవాడివి?" అన్నాను.

"ఏమోనమ్మా, ఓ రెండు మూడు రోజులు పట్టొచ్చు అనేవాణ్ణి మేడమ్."

ఎంత నేర్పున్న జవాబు! 'ఏమో' అంటూ ఆలోచనకు వ్యవధి తీసుకున్నాడు. 'ఓ' చేర్చి అంకెను వదులు చేశాడు. 'పట్టొచ్చు' అని మాట దక్కించుకున్నాడు. ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి ఈ నేర్పు వెంట రావడం లేదు. బడిలో మనం పూర్తి వాక్యాలే నేర్పాం. అందుకే ఖాళీ వచ్చినచోటల్లా 'బేసికల్లీ', 'యాక్చువల్లీ'. కాఫీ గీఫీ అనాల్సినచోట 'కాఫీ అండ్ ఆల్'. ఏళ్ల తరబడి వాటిని లెక్కపెట్టి మరీ మాన్పించాను. తప్పు చేశాను. వాటి బదులు ఏమనాలో చెప్పలేదు. పిల్లలకు మౌనం మిగిలింది.

ముఖం కనబడని ఫోన్‌లో మౌనం చేటు చేస్తుంది. హెర్బర్ట్ క్లార్క్, జీన్ ఫాక్స్ ట్రీ అనే పరిశోధకులు 2002లో ఇంగ్లిష్‌వాళ్ల 'అ...', 'అమ్...'లను పరిశీలించారు. మొదటిది కాస్త ఆగమని, రెండోది ఇంకొంచెంసేపు ఆగమని చెబుతాయన్నారు. తడబాటనుకున్నది నిజానికి కబురు. జోవానా చానెల్ అనే భాషావేత్త 1994లోనే వదులు మాటల మీద ఒక పుస్తకం రాసింది. ఇంగ్లిష్ సొంతభాష అయినవాళ్లూ అవసరాన్నిబట్టి కావాలనే అలా మాట్లాడతారని అందులో చూపింది.

ఇప్పుడు పాఠం మార్చాను. ముందు తెలుగులో చెప్పిస్తాను, తర్వాత ఇంగ్లిష్‌లో. 'ఓ పది' అంటే 'టెన్ ఆర్ సో'. 'ఏమో, చూడాలి' అంటే 'లెట్ మీ సీ'. 'రెండు మూడు రోజులు పట్టొచ్చు' అంటే 'ఇట్ మే టేక్ టూ ఆర్ త్రీ డేస్'. సర్వర్ ఆపే సమయం మాత్రం గంటా నిమిషాలతో సహా కచ్చితంగా చెప్పాలి. అక్కడ వదులు పనికిరాదు.

టీమ్ లీడ్‌లకు ఒక విన్నపం. మీ పిల్లలు కాల్‌లో 'అమ్...' అన్నప్పుడు అందుకుని మీరే జవాబు చెప్పేయకండి. ఓ రెండు మూడు సెకన్లు ఆగండి.