పునర్ముద్రణకు నోచుకునే పుస్తకాలు

సంత్రాగాఛి స్టేషను నుంచి చెన్నైకి బయలుదేరే రైళ్లు ఆంధ్రతీరం పొడవునా సాగిపోతాయి. బెంగాల్-నాగపూర్ రైల్వే కాలం నుంచి ఖరగ్‌పూర్ మొదలుకొని ఈ మార్గంలో తెలుగు కుటుంబాలు స్థిరపడి ఉన్నాయి. వారిలో బెంగాలీ చదవగలవారికి హుగ్లీ ఆవలి ఒడ్డున, కాలేజీ స్ట్రీటు పుస్తకాల వీధికి సుపరిచితమైన గ్రంథం ఒకటుంది. అది ఈశానచంద్ర ఘోష్ పాళి నుంచి అనువదించిన జాతక కథల ఆరు సంపుటాలు. తొలి సంపుటం 1916లో వెలువడింది. తరువాతి తరాల కోసం కోల్‌కతాలోని కరుణా ప్రకాశనీ ఆ సంపుటాలను పునర్ముద్రించింది. అదే కాలపు తెలుగు గ్రంథమాలలకు ఈ భాగ్యం సమగ్రంగా దక్కలేదు.

దీనికి బెంగాలీల పుస్తకప్రీతిని కారణంగా చూపడం వాడుక. అది సగం సమాధానమే. జాతకాలు 547. ఫౌస్‌బోల్ పాళి ప్రతిలోని వరుససంఖ్యతోనే పరిశోధకులు ప్రతి కథనూ ఉదాహరిస్తారు. ఒక సంపుటం లోపిస్తే తక్కినవాటి విలువ తగ్గుతుంది కనుక అచ్చువేస్తే మొత్తం వేయాలి. పిల్లలకు కథ చెప్పే గృహిణి, పాళి విద్యార్థి, విహారంలోని భిక్షువు ఒకే పుస్తకాన్ని కొంటారు. పైగా, మూలం మారలేదు. నూరేళ్లు గడిచినా కథ పాతబడదు.

కొమర్రాజు వేంకట లక్ష్మణరావు ప్రభృతులు 1906లో హైదరాబాదులో స్థాపించిన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పరిస్థితి వేరు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాం లింకను చరిత్రతో ఆరంభమై, దేశచరిత్ర, ప్రకృతిశాస్త్రాలు, చారిత్రక నవలలు ఆ మాలలో వెలువడ్డాయి. దానికి ఆధారం చందాదారులు. వారు విడి పుస్తకాన్ని గాక మాలను కొన్నారు. రసాయనశాస్త్రంపై ఆసక్తి లేనివాని ఇంటికీ ఆ గ్రంథం చేరేది. మండలి ఆగిపోగానే ఆ కూర్పు చెదిరిపోయింది. నేటి ప్రచురణకర్త ఒక్కొక్క గ్రంథాన్నీ విడిగా తూచి, ‘దీన్నెవరు కొంటారు?’ అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు శాస్త్రగ్రంథాల వద్ద జవాబుండదు. చిలుకూరి వీరభద్రరావు ‘ఆంధ్రుల చరిత్రము’ వద్ద ఉంటుంది. ఆ పేరే కొనుగోలుదారును పిలుస్తుంది.

బౌద్ధ అధ్యయనానికి చిక్కు ఇక్కడే ఎదురవుతుంది. ఆ గ్రంథం ప్రథమ భాగం 1910 నాటిది. అప్పటికి భట్టిప్రోలు ధాతుకరండాలు, అమరావతి శిల్పాలు వెలుగు చూశాయి. ఇక్ష్వాకుల విషయంలో జగ్గయ్యపేట శాసనాలే ప్రధానాధారం. నాగార్జునకొండ శిథిలాలను రంగస్వామి సరస్వతి గుర్తించింది 1926లో. ఆ తరువాతే లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు, ఫోగెల్ శాసన పఠనం. మహాచైత్యాన్ని పోషించిన చాంతిసిరి, చుల ధమ్మగిరి విహారం వద్ద చైత్యగృహాన్ని నిర్మింపజేసిన ఉపాసిక బోధిసిరి అటుపిమ్మటనే చరిత్రలో ప్రవేశించారు. బావికొండ, తొట్లకొండ తవ్వకాలైతే ఇంకా అర్ధశతాబ్దం పైగా తరువాతివి. ఇవేవీ ఎరుగని రచనను ఏ సూచనా లేకుండా కొత్త అట్టతో ఇస్తే, దానిని తొలిసారి చేతపట్టిన విద్యార్థికి ఆంధ్రదేశపు బౌద్ధం అమరావతితో దాదాపు ముగిసినట్టే తోస్తుంది. దోషం వీరభద్రరావుది కాదు. తనకు లభించిన ఆధారాలతో, తెలుగువారికి తెలుగులో, అంత విస్తారంగా రాయడానికి పూనుకోవడం సామాన్యమైన పని కాదు.

చట్టం అడ్డు కాదు. రచయిత మరణించిన 60 సంవత్సరాలకు హక్కు తీరిపోతుంది. వీరభద్రరావు 1939లో కీర్తిశేషులయ్యారు. విచిత్రమేమంటే, ఈ స్వేచ్ఛే శ్రద్ధను చెరుస్తోంది. పాత పుటలను ఫొటో తీసి ఆఫ్‌సెట్‌లో వేయడం చౌక. కొత్తగా అక్షరకూర్పు చేయించి, ప్రూఫులు దిద్దించి, పండితునిచేత పీఠిక రాయించిన ప్రచురణకర్త తన ప్రతికి ఎక్కువ వెల పెట్టక తప్పదు. పక్క దుకాణంలో అదే పేరు సగం ధరకు దొరికితే ఆ శ్రమకు ప్రతిఫలం ఏది? కొత్త పీఠికకు, వివరణలకు మాత్రం వేరుగా హక్కు ఉంటుంది. ప్రచురణకర్తలు దీన్ని పట్టించుకోకపోవడం ఆశ్చర్యమే.

మూలపాఠాన్ని సవరించడం మరింత పెద్ద తప్పు. 1910 నాటి విద్యావంతుడు బౌద్ధాన్ని తన గతంగా ఏ మేరకు భావించాడో తెలియడానికి ఆ వాక్యాలే సాక్ష్యం. వాటిని అలాగే ఉంచి, పుట అడుగున తరువాతి శాసనాలను, తవ్వకాల సంవత్సరాలను చేర్చాలి. జాతకాలకు సూచిక సరిపోతుంది, చరిత్రకు ఈ వ్యాఖ్య కావాలి. రెండింటినీ ఒకే పద్ధతిలో అచ్చువేస్తున్న నేటి అలవాటు రెండవదానికి అన్యాయం చేస్తుంది. ఆ వ్యాఖ్య రాయగలవారు వాణిజ్య ప్రచురణాలయాల్లో అరుదు. బ్రాహ్మీ శాసనాలు చదివేవారు, స్థలాలు చూసినవారు అధ్యయన సంస్థల్లో, విహారాల్లో ఉన్నారు. వారిచేత రాయించే ఖర్చును ముద్రణ వ్యయంలో భాగంగా ముందే లెక్కగట్టిన ప్రచురణకర్తకే ఆ గ్రంథాన్ని అప్పగించడం మేలు.