వర్చువల్ సర్వర్ల కన్సల్టెంట్ పనితనం

ఒక సర్వర్ మీద హైపర్‌వైజర్ అనే సాఫ్ట్‌వేర్ పొరను నిలిపి, దానిపై అనేక వర్చువల్ మెషీన్లను నడపడమే వర్చువలైజేషన్. ప్రతి మెషీనూ తనకంటూ ప్రాసెసర్, మెమరీ, డిస్కు ఉన్నట్టే నడుచుకుంటుంది. నిజానికి అవన్నీ ఉమ్మడి ఆస్తి. ఆ ఆస్తిని ఎవరికెంత పంచాలో, ఒక సర్వర్ పడిపోతే మిగతావి ఆ భారం మోయగలవో లేదో తేల్చి చెప్పేవాడు స్వతంత్ర కన్సల్టెంట్. ఆస్పత్రులకు, కాలేజీలకు, మధ్యతరహా కర్మాగారాలకు ఇలాంటి నిపుణుడు ఏడాది పొడవునా అక్కర్లేదు, కానీ అవసరం పడిన కొద్దిరోజులూ అతను లేకపోతే గడవదు.

ఈ విద్య క్లౌడ్‌తో పుట్టింది కాదు. 1960లలోనే అమెరికాలోని కేంబ్రిడ్జిలో ఐబీఎం పరిశోధకులు సీపీ-40 వ్యవస్థను నడిపారు. 1972లో ఐబీఎం వీఎం/370ను ప్రకటించింది. ఒక కంప్యూటర్ నిర్మాణం వర్చువలైజేషన్‌కు లొంగాలంటే ఏ షరతులు తీరాలో 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ సూత్రీకరించారు. ఎక్స్86 ప్రాసెసర్లు ఆ షరతులను తీర్చలేదు. 1998లో మొదలైన వీఎంవేర్ కంపెనీ, మొండికేసే ఆదేశాలను నడుస్తుండగానే తిరగరాసి ఆ అడ్డంకిని దాటింది. 2005లో ఇంటెల్, 2006లో ఏఎండీ వర్చువలైజేషన్‌కు తోడ్పడే సదుపాయాన్ని ప్రాసెసర్‌లోనే పెట్టాయి. 2007లో కేవీఎం అనే హైపర్‌వైజర్ లినక్స్ కెర్నెల్‌లో చేరింది. ఈ చరిత్ర నేటికీ పనికొస్తుంది: హైపర్‌వైజర్ మొరాయించినప్పుడు ముందుగా చూడాల్సింది బయోస్‌లో ఆ సదుపాయం ఆపేసి ఉందేమోనని.

హైదరాబాద్ అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్లలో వీఎంవేర్, లినక్స్ నేర్చుకుని వచ్చినవారికి ఇన్‌స్టాలేషన్ బాగానే వస్తుంది. ఏ అంకెను నమ్మాలో తెలియడం వేరే విద్య. అది పని చేస్తూనే అబ్బుతుంది. మంచి కన్సల్టెంట్ మొదటిరోజు ఏ సెట్టింగునూ ముట్టుకోడు, కొలతలు తీసుకుంటాడు. కనీసం ఒక నెలాఖరు అందులో పడేలా చూస్తాడు, ఎందుకంటే జీతాల లెక్కలు, స్టాక్ ముగింపులు అప్పుడే సర్వర్లను వంచుతాయి.

అన్నిటికన్నా ఎక్కువగా పొరపడేది ప్రాసెసర్ల దగ్గర. అప్లికేషన్ నెమ్మదించిందనగానే దానికి మరో నాలుగు వర్చువల్ సీపీయూలు ఇచ్చేస్తారు, అది ఇంకా నెమ్మదిస్తుంది. పక్కపక్కన నాలుగు సీట్లు దొరికితేనే బస్సెక్కుతామనే కుటుంబంలా, ఎక్కువ సీపీయూలున్న మెషీన్ తనకు కావలసినన్ని కోర్లు దాదాపు ఒకేసారి ఖాళీ అయ్యేదాకా కాచుకోవాల్సి వస్తుంది. నడవడానికి సిద్ధంగా ఉండి కూడా కోర్ కోసం కాచుకునే సమయాన్ని సీపీయూ రెడీ అంటారు. వీఎంవేర్ నిర్వహణ సాఫ్ట్‌వేర్ వీసెంటర్ దాన్ని 20 సెకన్ల వ్యవధికి మిల్లీసెకన్లలో చూపిస్తుంది, కాబట్టి ఒక సీపీయూకు 1000 అని కనిపిస్తే 5 శాతం సమయం క్యూలోనే పోయిందని అర్థం. అక్కడినుంచి ఆరా తీయాలి. చాలాసార్లు సీపీయూలు తగ్గించడమే మందు. దీన్ని యాజమాన్యానికి నచ్చజెప్పడానికి అంకెలు చేతిలో ఉండాలి, నోటిమాట చాలదు.

మెమరీది మరో తీరు. కొరత వచ్చినప్పుడు హైపర్‌వైజర్ బెలూన్ డ్రైవర్ ద్వారా మెషీన్ల నుంచి వాడని మెమరీని వెనక్కి లాక్కుంటుంది. ఇది కొంతవరకు భరించదగ్గదే. డిస్కుమీదికి స్వాప్ మొదలైతే మాత్రం డేటాబేస్ ఏదైనా కుంటుతుంది. ఒకేలాంటి మూడు సర్వర్ల క్లస్టర్‌లో ఒకటి పోయినా నెట్టుకురావాలంటే, మెమరీ వాడకం మొత్తంలో మూడింట రెండు వంతులు దాటకూడదు.

మెషీన్ ఒకానొక క్షణపు స్థితిని పట్టి ఉంచే స్నాప్‌షాట్‌ను బ్యాకప్ అనుకోవడం మరో ప్రమాదం. అది అసలు డిస్కు ఫైలు మీదే ఆధారపడి ఉంటుంది. డిస్కు పోతే అదీ పోతుంది. 72 గంటలు దాటి ఉంచవద్దని వీఎంవేరే చెబుతుంది. ఒక స్నాప్‌షాట్‌ను తీసి మరచిపోతే అది పెరిగి పెరిగి స్టోరేజ్‌ను నింపి, దానిపై ఉన్న మెషీన్లను ఆపేయగలదు. బ్యాకప్ ఉందనడానికి రుజువు ఒక్కటే: దాన్ని వేరేచోట పునరుద్ధరించి, అప్లికేషన్ తెరిచి చూడటం.

2023 నవంబరులో బ్రాడ్‌కామ్ వీఎంవేర్‌ను కొన్నది. డిసెంబరులో శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపి చందా పద్ధతికి మారింది. అప్పటినుంచి ప్రాక్స్‌మాక్స్, హైపర్-వీ లాంటి వేరే హైపర్‌వైజర్‌కు మారాలా వద్దా అన్న ప్రశ్న చాలా సంస్థల ముందుకొచ్చింది. కేవీఎం మీద నడిచే ప్రాక్స్‌మాక్స్‌కు విండోస్ మెషీన్‌ను తరలించేముందు వర్టియో డ్రైవర్లు ఎక్కించాలి, లేదంటే బూట్ డిస్కు కనబడక ఆగిపోవచ్చు. వీఎంవేర్ టూల్స్‌ను ముందే తీసేయాలి. నెట్‌వర్క్ కార్డు మారడంతో పాత ఐపీ సెట్టింగులు పోతాయి కనుక వాటిని రాసిపెట్టుకోవాలి. పాత మెషీన్‌ను ఆపి ఉంచాలి, చెరిపేయకూడదు. లైసెన్సుల లెక్క కూడా ఇక్కడే తేలాలి: విండోస్ సర్వర్ స్టాండర్డ్‌లో కోర్లన్నిటికీ ఒకసారి లైసెన్సు కొంటే దక్కేది రెండు విండోస్ వర్చువల్ మెషీన్లకే.

సర్వర్లు అమ్మేవారు సలహా ఉచితంగానే ఇస్తారు, దాని ఖరీదు బిల్లులో కలిసిపోతుంది. అందుకే కన్సల్టెంట్ ఏ కంపెనీ నుంచీ కమీషన్ తీసుకోకూడదు. కొత్త సర్వర్ అక్కర్లేదని రిపోర్టులో రాయగలగడమే అతని విలువ. పరిశీలనకు మొత్తం ఫీజు ముందే చెప్పుకోవచ్చు. తరలింపులో ఊహించని చిక్కులు ఎక్కువ కాబట్టి దానికి రోజువారీ రేటే ఇద్దరికీ న్యాయం. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు.

పని ముగిశాక సంస్థ చేతికి రావలసినవి నెట్‌వర్క్ పటం, పాస్‌వర్డుల జాబితా, ఏ మెషీన్ ఏ క్రమంలో లేవాలో చెప్పే పత్రం. కరెంటు పోయి వచ్చినప్పుడు ముందు స్టోరేజ్, తర్వాత డొమైన్ కంట్రోలర్, ఆ తర్వాతే డేటాబేస్ లేవాలన్నది అందులో ఉండాలి. ఆ పత్రం చూసుకుంటూ సంస్థ సిబ్బందే, కన్సల్టెంట్ నోరు మెదపకుండా, ఒక మెషీన్‌ను బ్యాకప్ నుంచి తిరిగి నిలబెట్టి చూపాలి. అది జరిగిన రోజే పాస్‌వర్డులన్నీ మార్చి, కన్సల్టెంట్ ఖాతాను మూసేస్తారు.